మసేను డాక్టరు, ముక్కు డబ్బా

పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి అమ్ములు లేచేది. పొయ్యి సంగతి, టీ సంగతి తర్వాత. ముందు వసారాలో గోడవారన ఉన్న ముక్కు డబ్బాని కుళాయి కిందికి జరిపేది. మోకాటి దాకా వచ్చే రేకు డబ్బా అది. పైఅంచుకి కాస్త కిందగా ఒక పక్కన కెటిలుకి ఉన్నట్టు చిన్న ముక్కు ఉంటుంది. డబ్బా నిండి, ముక్కులోంచి నీళ్లు కారాక కుళాయి కట్టేసి, ఆ ధార చుక్కల్లోకి దిగి, ఆఖరి చుక్క కూడా పడి ఆగేదాకా ఆమె అక్కడే నిలబడేది. అప్పుడు ముక్కు కింద గాజు జాడీ పెట్టి, లోపలికి వినబడేటట్టు "అయింది" అనేది.

లుంగీ పైకి మడిచి కట్టుకుని ఆమె భర్త డాక్టరుగారు వచ్చేవాడు. ఆయన చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆయన తల్లి దానమ్మ వచ్చేది. ముసలామె ఎడం కాలు ఏనుగు కాలంత లావు. ఆ కాలు మెల్లగా డబ్బాలోకి దింపితే, కాలు ఎంత ఉందో అన్ని నీళ్లు ముక్కులోంచి జాడీలోకి పడేవి. ఆయన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి జాడీ మీద గీత చూసేవాడు. తర్వాత సబ్బు. తర్వాత మంచినీళ్లు. తర్వాత మెత్తటి పాత గుడ్డతో వేలూ వేలూ విడదీసి తుడవడం. "వేళ్ల సందున తడి మిగిలిందా, నాను సదివిన సదువంతా దండగ" అనేవాడు. అన్నాకే అమ్ములు పొయ్యి వెలిగించేది.

ఇప్పుడు ముక్కు డబ్బా బోర్లించి ఉంది. డాక్టరుగారిని సాగనంపి శ్మశానం నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే పైడయ్య దాన్ని బోర్లించాడు. పైడయ్య డాక్టరుగారికి చిన్నాన్న. అమ్ములుకీ డాక్టరుగారికీ పిల్లలు లేరు గనక కొరివి పెట్టింది ఆయనే. ఇంట్లో ఉన్న సబ్బులన్నీ, తలనూనె సీసా, దువ్వెన ఒక సంచిలో వేసి అటక మీదికి ఎక్కించాడు. పెద్దకర్మ దాకా మైల. మైలలో సబ్బు ముట్టరు, నూనె రాయరు, పొయ్యి వెలిగించరు. వండిన అన్నం అయినవాళ్లు పట్టుకొస్తారు. వాళ్లలో ఎప్పట్నించో ఉన్న పద్ధతే. ఎవరూ ఏమీ అనలేదు. అమ్ములూ అనలేదు.

కానీ కుళాయి వేళకి మెలకువ వచ్చేసేది. లేచి వసారాలోకి వచ్చి నిలబడేది. చేతులు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. అత్త కాలు చూసేది. మైల సంగతి ఆ కాలికి తెలియదు కదా అనుకునేది. మళ్లీ, ఇలా అనుకోవచ్చో కూడదో అని లోపలికి వెళ్లిపోయేది.

డాక్టరుగారి పేరు మసేను. పుట్టింది గంజాంలో, ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, నోలియా వాడలో. తెలుగు చేపలవాళ్లని అక్కడి ఒడియావాళ్లు నోలియాలంటారు. తండ్రి వేటకి వెళ్లేవాడు. తల్లి గంప ఎత్తుకుని ఫ్యాక్టరీ కాలనీలో ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది. పెళ్లయిన కొత్తలోనే ఆమెకి బోదకాలు వచ్చింది. కాలనీ ఆడవాళ్లు చేపలు కొనేవారు గానీ మెట్టు మాత్రం ఎక్కనిచ్చేవారు కాదు. "గోదర గోడ", అంటే బోదకాలు, అని ఒడియాలో లోపలికి చెప్పుకోవడం ఆమెకి వినబడేది. చీర కుచ్చెళ్లు పాదం మీదికి లాక్కుని మెట్టు కిందే కూర్చుని చేపలు కోసి ఇచ్చేది.

ఆ కాలికి ఉండుండి జ్వరం వచ్చేది. ఒళ్లంతా వణుకు, కాలు ఎర్రగా కమిలి ముట్టుకోనిచ్చేది కాదు. పున్నమికీ అమావాస్యకీ వస్తుందని వాడలో అందరూ అనేవారు. చంద్రుడు లాగితే సముద్రానికి పోటు వచ్చినట్టే, బోదకాలికీ పోటు వస్తుందని వాళ్ల నమ్మకం. చిన్నప్పుడు మసేనూ అదే నమ్మాడు.

చదువు అబ్బింది. బరంపురం మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో అతని పేరు ఒక వింత. మసేను ఏంటి, ఇంటిపేరా, ఊరిపేరా అని అడిగేవారట. మా తాత పేరు, మా తాత తాత పేరు కూడా అదే, మావాళ్లకి పేర్ల కరువు అని చెప్పి నవ్వేసేవాడు. వలలు అల్లిన చెయ్యి కావడం వల్ల దారం ముడి పడిందంటే జారేది కాదు. సర్జన్ అయ్యాడు.

అమ్ములుది గోపాల్‌పూర్ సముద్రపొడ్డు. మూడో తరగతి దాకా బడికి వెళ్లింది. పెళ్లయిన కొత్తలో, ఏం చదివారండీ అని భయం భయంగా అడిగితే, కోసి కుట్టడం అన్నాడు. "మా నాన్న వలకి అదే సేత్తాడు గదండీ" అంది అమ్ములు. ఆ మాటని ఆయన తోటి డాక్టర్లందరికీ చెప్పుకుని ఎన్నేళ్లు నవ్వుకున్నాడో లెక్క లేదు. ఆమెకి మాత్రం అందులో నవ్వడానికి ఏముందో చాలా రోజులు అర్థం కాలేదు.

మొదట్లో ఆయన పని అంతా కత్తితోనే. వేటకి వెళ్లే మగవాళ్లలో చాలామందికి వరిబీజం ఉండేది. సిగ్గుతో లుంగీ మీద లుంగీ కట్టుకుని, పడవ ఎక్కలేక, ఎందుకు ఎక్కలేకపోతున్నారో చెప్పలేక ఇంట్లో కూర్చునేవారు. వాళ్లని ఇంటికి పిలిచి టీ ఇచ్చి, "ఎన్నాళ్లు మోత్తావురా, దించెయ్. తిరుగు పెయానంలో తేలిగ్గా ఎల్తావు" అనేవాడు. నవ్వితే సగం భయం పోయేది. అలా ఎంతమందిని మళ్లీ సముద్రం మీదికి పంపాడో. గంజాం నుంచి రంభ దాకా ఒడ్డునున్న వాడల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బోదకాళ్లు కూడా కోసేవాడు. లావెక్కిన చర్మం తీసేసి, తొడ మీద చర్మం తెచ్చి అతికేవాడు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చేసరికి నిలబడలేకపోయేవాడు. కాలు సన్నబడేది. మనిషి దండం పెట్టి వెళ్లేది. ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి అదే మనిషి అదే కాలితో వచ్చి గుమ్మంలో కూర్చునేది. ఆయన ముఖం చూడలేక అమ్ములు లోపలికి వెళ్లిపోయేది. తల్లి కూడా, నా కాలు కొయ్యరా అని పోరేది. ఆఖరికి సరేనని రోజు కూడా చూసుకున్నాడు.

అప్పుడే తండ్రి పోయాడు. ఆపరేషన్ ఆగిపోయింది. అందరూ వాడలోనే మైల పాటించారు. మైల ఇంకా తీరకుండానే దానమ్మకి జ్వరం పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ రానంత జ్వరం. కాలు పగిలి రసి కారింది, మనిషికి తెలివి తప్పింది. బరంపురం తెచ్చి పడుకోబెట్టి, మంచం పక్కన కూర్చుని మసేను క్యాలెండరు చూశాడు. పున్నమి దాటిపోయింది, అమావాస్య ఇంకా రాలేదు. మరి ఈ జ్వరం ఎందుకొచ్చినట్టు?

ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. చేపలమ్మే మనిషి ఆమె. నీచు వాసన పోవాలని రోజూ సాయంత్రం కాళ్లూ చేతులూ సబ్బుతో రుద్ది రుద్ది కడిగేది. వేటలేని రోజుల్లో, జ్వరం నీరసంలో, పండగ పనుల్లో మానేసేది. మానేసిన తర్వాతే జ్వరం వచ్చేదేమో. ఈ సారి మైల అని వరసగా మానేసింది. వేళ్ల సందుల్లో చర్మం నాని పగిలి, ఆ పగుల్లోంచే విషం లోపలికి ఎక్కింది.

ఈ సంగతి ఆయన అమ్ములుకి ఒక్కదానికే చెప్పాడు. "అమ్మకి సెప్పకు. నా మొగుడి మైలే నా కాలు తీసినాదని అనుకుంతాది" అన్నాడు. అమ్ములు ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ ఇక చెయ్యలేదు. రేకు పనివాడి దగ్గర కూర్చుని ముక్కు డబ్బా చేయించాడు. కాలు రోజుకి ఎంత తగ్గుతోందో, ఎంత పెరుగుతోందో కొలవాలన్నాడు. అక్కడి నుంచి ఆయన పరిశోధన మొదలైంది. వాడ వాడకీ అలాంటి డబ్బాలు వేసుకుని తిరిగాడు. కడిగిన కాళ్లు, కడగని కాళ్లు, జ్వరం వచ్చినవాళ్లు, రానివాళ్లు. తోటివాళ్లు కొందరు సబ్బు డాక్టరు అని పేరు పెట్టారు. అంత పెద్ద సర్జన్‌వి, కాళ్లు కడుక్కోమని చెప్పడానికా ఇంత చదువు అన్నారట. ఆయన వాళ్లకి ఏం చెప్పాడో గానీ ఇంట్లో మాత్రం, ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఎక్కడెక్కడో వేరేవాళ్లు ఎప్పుడో అన్నారు, మనవాళ్ల కాళ్ల మీద కొలిచి చూపించడమే నా పని అనేవాడు. ఢిల్లీలో ఒకసారి, బయటి దేశంలో ఒకసారి పిలిచి మాట్లాడించారు. తిరిగొచ్చి పొద్దున్నే మళ్లీ గొంతుక్కూర్చుని జాడీ చూశాడు.

అమ్ములుకి పరిశోధన అంటే ఇదీ అని ఎప్పుడూ పూర్తిగా బోధపడలేదు. కాలు తగ్గితే రాసుకునేవాడు, తగ్గకపోయినా రాసుకునేవాడు. తగ్గనప్పుడు రాయడం ఎందుకని అడిగింది ఒకసారి. "తగ్గలేదని తెలవడం కూడా పనేనే" అన్నాడు. ఆమె తల ఊపింది. ఊపింది గానీ తెలిసి ఊపలేదు.

కత్తి పని పూర్తిగా మానెయ్యలేదు. వరిబీజాలు చేస్తూనే ఉన్నాడు. మొన్న రంభలో క్యాంపు ముగించుకుని కారులో వస్తూ తల కిటికీకి ఆనించాడట. నిద్రపోతున్నారు పాపం అనుకుని డ్రైవరు పాట కూడా తగ్గించాడట. ఇంటి ముందు కారు ఆపి "సార్, ఇల్లు" అన్నాడు. అమ్ములు గేటు దగ్గరే ఉంది. ఆ పిలుపు ఆమె కూడా విన్నది.

మైలలో నాలుగైదు రోజులు గడిచేసరికి అత్త కాలి దగ్గర వాసన మొదలైంది. చిన్న వేలు సందున తెల్లగా నానింది. అమ్ములు ఉత్త నీళ్లతో కడుగుతానంటే దానమ్మ అదీ వద్దంది. నలుగురితో పాటు తలమీంచి పోసుకునే చావు స్నానం చాలంది. పైడయ్య అన్నం క్యారేజీ పట్టుకొచ్చినప్పుడు అమ్ములు తల వంచుకుని, కాలు పాడవుతోంది మావా అని చెప్పింది. ఆయన కఠినుడేమీ కాదు. మసేనుని భుజాన మోసి బడికి తీసుకెళ్లినవాడు. కాలు చూసి, "నాలుగు దినాలు ఓపిక పట్టండమ్మా. అంత పెద్ద మనిషి పోతే ఇంట్లో నురగ సూత్తే వాడోళ్లు ఏటంతారు? ఆడికి మనం సెయ్యగలిగింది ఇదొక్కటే గదా మిగిలినాది" అన్నాడు. చెప్తూ చెప్తూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అమ్ములుకి ఆయన మాటా నిజమే అనిపించింది.

ఆ మధ్యాహ్నం శ్యామసుందర్ వచ్చాడు. డాక్టరుగారి దగ్గర చాలా ఏళ్లు పని నేర్చుకున్న కుర్ర సర్జన్. ఒడియా అబ్బాయే అయినా బరంపురంలో పుట్టి పెరిగినవాడు, తెలుగు బాగానే వచ్చు. అమ్ములుని ఒడియాలో మావుసీ, అంటే పిన్ని, అని పిలుస్తాడు. పలకరింపు అయ్యాక అతని చూపు ముసలామె కాలి మీద పడింది. వంగి చూశాడు. బోర్లించిన డబ్బా చూశాడు. అటక మీద సబ్బుల సంచీ చూశాడు. అంతా అర్థమైంది.

ఇతను చెప్తాడు, చెప్తే నాకు తేలిపోతుంది అని అమ్ములు ఎదురుచూసింది. అతను చెప్పలేదు. వాళ్ల నాన్న పోయినప్పుడు వాళ్లింట్లో కూడా శుద్ధి అయ్యేదాకా సబ్బు ముట్టలేదట. పోనీ మాత్రలు రాస్తాను అన్నాడు. మాత్రలతో ఆగుతుందా అంటే ఆగొచ్చు, ఆగకపోవచ్చు అన్నాడు. కుంకుడు రసం సబ్బు కిందికి వస్తుందా అని తనే మళ్లీ అడిగాడు. లోపల్నించి దానమ్మ, "తలకి రాసుకుంటే నురగొత్తాదా రాదా? వొత్తే సబ్బే. ఇంత సదివి అదడుగుతావేటి బాబూ" అంది. శ్యామసుందర్ నెత్తి గోక్కున్నాడు.

వెళ్లబోతూ గేటు దగ్గర ఆగి, "మావుసీ, సార్ వాడల్లో మాట్లాడినప్పుడు పెళ్లయినా కడగండి, జాతరైనా కడగండి, తుఫానొచ్చినా కడగండి అనేవారు. చావు అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఎందుకనలేదో నేను అడగలేదు. మీకు తెలుసా?" అన్నాడు.

అమ్ములుకి సగమే తెలుసు. తల్లి దగ్గర దాచాలని అనలేదు, అది నిజం. కానీ తల్లి లేని వాడల్లో కూడా ఎందుకు అనలేదు? మనిషి పోయిన ఇంట్లో పాత పద్ధతి మీద చెయ్యి వెయ్యకూడదని అనుకున్నాడా? ఎప్పటికైనా అనాలనుకుని వాయిదా వేశాడా? పద్ధతి పాటిస్తే ఆయన చదువుకి అపచారం. చదువు పాటిస్తే ఆయనకే మైల తప్పిన అపచారం. రెండు పక్కలా ఆయనే ఉన్నాడు. అడుగుదామంటే ఏ పక్కా లేడు.

మర్నాడు పొద్దున్న కుళాయి వేళకి లేచేసరికి దానమ్మ ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. జ్వరమో, కప్పుకున్న దుప్పటి వేడో అమ్ములుకి తేలలేదు. అత్త పక్కన కూర్చుంది. ఆయన చెప్పొద్దన్న మాట ఇన్నేళ్లూ కడుపులో దాచింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు అనుకుంది.

"అత్తా, మావయ్య పోయినప్పుడు నీకు జొరం ఎందుకొచ్చినాదో తెలుసా?" అంది.

ముసలామె కళ్లు తెరవలేదు. "తెలుసు" అంది.

అమ్ములు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఆడు పెళ్లికి మానొద్దు, జాతరకి మానొద్దు అనీవోడు. సావు మాట వొచ్చీతలికి నీల్లు నమిలీవోడు. కన్నదాన్ని, నాకు తెల్దేటి?"

"తెలిసీ మరెందుకే అత్తా..."

"మొగుడికిచ్చినాను. కొడుక్కివ్వనేటి?" దానమ్మ గోడవైపు తిరిగింది. "కాలు నొప్పెడితే ఆడి కోసమే గదా అనిపిస్తాది. నొప్పి కూడా లేపోతే నాకేటున్నాది సెప్పు."

అమ్ములుకి ఏడుపు రాలేదు. చెప్పాల్సిన ముక్క అయిపోయింది, చెప్పినా ఏమీ తేలలేదు. "నాకేటీ తెలట్లేదు అత్తా. సబ్బెట్టినా ఆయనకే తప్పు, ఎట్టకపోయినా ఆయనకే తప్పు. నివ్వైనా సెప్పు" అంది.

"నాకు మాత్రం తెలుసేటే" అంది దానమ్మ.

బయట కుళాయి గుర్రుమని గాలి వదిలి, నీళ్లు మొదలయ్యాయి. ఉత్తినే గచ్చు మీద పడుతున్న చప్పుడు. అమ్ములు లేచింది. ఫలానాది చేద్దామని లేవలేదు, నీళ్లు పోతున్నాయని లేచింది. వసారాలోకి వెళ్లి డబ్బాని తిరగేసి కుళాయి కింద పెట్టింది. నిండింది. ముక్కులోంచి కారగానే కుళాయి కట్టింది. ధార సన్నబడి చుక్కలైంది. ఆఖరి చుక్క పడేదాకా నిలబడింది. జాడీ పెట్టింది. నోటికి అలవాటైన మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అయింది."

ఎవరితో అన్నట్టు? ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. డబ్బాలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. డబ్బా అలాగే ఉంచాలా, ఒంపెయ్యాలా అని ఆలోచిస్తూ ఉండగా లోపల మంచం కిర్రుమంది. తర్వాత గోడ పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ వచ్చే శబ్దం. దానమ్మ గుమ్మంలో ఆగింది.

"సెయ్యెవరు పట్టుకుంతారు?" అంది.

అమ్ములు వెళ్లి చెయ్యి ఇచ్చింది.

కాలు నీళ్లలోకి దిగింది. ముక్కు నిండుగా పారింది. జాడీ నిండుతూ నిండుతూ ఒక చోట ఆగింది. అమ్ములు గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూసింది. అంకెలు చదవగలదు. కానీ నీళ్లు గాజు వారన కాస్త పైకి ఎక్కి, మధ్యలో కాస్త కిందికి దిగి ఉన్నాయి. ఏ గీత చూసేవాడో ఆయన, పైదా, కిందిదా? ఇన్నేళ్లూ పక్కనే నిలబడి అది అడగలేదు. పెరిగిందో తగ్గిందో తెలియలేదు. జాడీ పక్కకి జరిపింది.

స్టూలు వేసుకుని అటక మీది సంచి దింపింది. సబ్బు నురగ మడమ దగ్గర మొదలై మోకాటి దాకా వెళ్లింది. ముసలామె కళ్లు మూసుకుని, కొడుకు పేరు అనుకుంటోందో దేవుడి పేరు అనుకుంటోందో, పెదాలు కదిపింది. అమ్ములు మంచినీళ్లు పోసి, మెత్తటి గుడ్డ తీసుకుని వేలూ వేలూ విడదీసి తుడిచింది. చిన్న వేలు సందున రెండుసార్లు తుడిచింది.

"తడి ఉండిపోనాదేటి సూడు" అంది దానమ్మ.

"లేదత్తా."

అత్తని పడుకోబెట్టి మళ్లీ వసారాలోకి వచ్చింది. వీధి చివర పైడయ్య సైకిల్ బెల్లు వినబడింది. క్యారేజీ తెస్తున్నాడు. గచ్చంతా తడి. నురగ గేటు దాకా పారి అక్కడ చిన్న చిన్న బుడగలై ఆగింది. చూరు కింద సబ్బు తడితడిగా మెరుస్తోంది. గుడ్డ పట్టుకుని ఒక్కసారి తుడిచేస్తే చాలు. సబ్బు అటకెక్కించి, డబ్బా ఒంపి బోర్లిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. నేల తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుంది కూడా.

తను చేసింది మంచో చెడో ఆమెకి అప్పటికీ తెలియలేదు. ఆయన ఉంటే నవ్వేవాడో, తిట్టేవాడో, జాడీ చూసి రాసుకునేవాడో తెలియలేదు.

గుడ్డ మడిచి గోడ మీద పెట్టింది. తడి గచ్చు మీద, డబ్బా పక్కన కూర్చుంది. గేటు గడియ చప్పుడైంది.